మైనస్ 18లో దెయ్యాల వేట: ఫోను ఆరిపోతోంది, ఫొటోల నిండా తెల్ల గుండ్రాలు

చలిపులి:
సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మెడిసిన్ రెండో ఏడాది. మొన్న శనివారం రాత్రి ముగ్గురం మిఖైలోవ్‌స్కీ కోట దగ్గరికి వెళ్ళాం. 1801లో పావెల్ చక్రవర్తిని పడకగదిలోనే చంపేసిన కోట. ఆయన కొవ్వొత్తి పట్టుకుని కిటికీల వెంట తిరుగుతాడని ఇక్కడ చెప్పుకుంటారు. 60 శాతం ఉన్న ఫోను టక్కున ఆరిపోయింది. ఫ్లాష్ వేసిన ఫొటోల్లో తెల్ల గుండ్రాలు. ఆన్‌లైన్‌లో కొన్న ఈఎంఎఫ్ మీటరు (విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది) ఎర్ర లైటు దాకా పోయింది. దెయ్యాలు బ్యాటరీ పీల్చేస్తాయంటారు కదా! మా రూమ్మేటు అప్పట్నుంచి లైటార్పనివ్వడం లేదు.

పాతకాపు:
తమ్ముడూ, రూముకొచ్చి వెచ్చబడ్డాక ఫోను మళ్ళీ నలభయ్యో యాభయ్యో చూపించిందా? అయితే ఎవరూ పీల్చలేదు. చలికి లిథియం బ్యాటరీ లోపల నిరోధం పెరుగుతుంది. కెమెరా ఒక్కసారిగా కరెంటు లాగేసరికి వోల్టేజి పడిపోయి ఫోను ఆగిపోతుంది. కోటు పైజేబులో కాదు, లోపల చొక్కా జేబులో ఒంటికి ఆనించి పెట్టుకో. పవర్ బ్యాంకూ అంతే. బయటినుంచి వచ్చీ రాగానే ఛార్జింగు పెట్టకు. విడి కెమెరా ఉంటే బయటే జిప్ కవర్లో మూసి తెచ్చి, అలాగే ఓ గంట వదిలెయ్. లేకపోతే తేమ పడుతుంది.

గుండ్రాలంటావా, లెన్సు పక్కనే ఫ్లాషు. ముక్కు ముందు ఎగిరే మంచు రవ్వ, నీ ఊపిరి ఆవిరి ఫోకస్ కాక అలా పడతాయి. ఫ్లాషు కట్టేసి, ఒకడి చేతికి టార్చి ఇచ్చి రెండడుగులు పక్కన నిలబెట్టు. ఊపిరి బిగబట్టి తియ్. మీటరుకి నీ జేబులో ఫోనే చాలు. ముగ్గురూ ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి మళ్ళీ చూడండి.

గడ్డపెరుగు:
అసలా కోటలో ఆయన ఉన్నది 40 రోజులే. గోడల తడి ఆరకముందే కాపురం పెట్టాడు. కొవ్వొత్తులెన్ని వెలిగించినా గదుల్లో పొగమంచు కమ్మేదట. ఇప్పుడది రష్యన్ మ్యూజియంలో భాగం, పగలు టికెట్ కొని లోపలంతా చూడొచ్చు. రాత్రి గేటు దూకడాలు మాత్రం వద్దు. ఎవరి వెనకాలో డోమోఫోన్ (కోడ్ నొక్కితే తెరుచుకునే తాళం) ఉన్న తలుపు దాటి పాత ఇళ్ళ మెట్లెక్కితే బాబుష్కలు (ముసలమ్మలు) పోలీసుల్ని పిలుస్తారు. పాస్‌పోర్టు, మైగ్రేషన్ కార్డు, రిజిస్ట్రేషన్ కాగితం దగ్గరుంచుకోండి. చూరు కింద నడవకండి, మంచు శూలాలు విరిగి నెత్తిన పడితే మీరే దెయ్యాలవుతారు. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి ఆరింటికి వెళ్ళి ఎనిమిదింటికల్లా మెట్రో ఎక్కేయండి. చక్రవర్తికి అర్ధరాత్రే కావాలని ఏముంది?

చలిపులి:
వెచ్చబడ్డాక 43 చూపించింది అన్నా, నిజమే. నిన్న టార్చితో తీశాం, ఒక్క గుండ్రం లేదు. కానీ తెల్లవారుజామున హాస్టల్ గోడలో టక్ టక్ మంటోంది.

పాతకాపు:
గదిని వెచ్చబెట్టే రేడియేటరు తడిమి చూడు, ఆ చప్పుడు దానిదే కావచ్చు. కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్టు. నువ్వు మాత్రం విప్పకు, వేడి నీళ్ళు మీద చిమ్ముతాయి. హాస్టల్ చూసుకునే కమాండెంట్‌కి చెబితే ప్లంబర్‌ని పంపిస్తుంది.

చలిపులి:
మా కమాండెంట్ ఆంటీని నిద్ర లేపడం కన్నా దెయ్యంతో సర్దుకుపోవడమే నయం అన్నా.