జేడ్ ఆకులు రాలుతున్నాయి, ఎచవేరియా కుళ్లుతోంది: నీళ్లు ఎన్ని రోజులకోసారి పోయాలి?

మిద్దెమొక్క (మియాపూర్):
అందరికీ నమస్కారం. మాది అయిదో అంతస్తు, తూర్పు బాల్కనీ. అక్కడ జేడ్, రెండు ఎచవేరియాలు, కలబంద, అడీనియం ఉన్నాయి, అన్నీ ఆకుల్లోనో కాండంలోనో నీళ్లు దాచుకునే మొక్కలే. హాల్లో కిటికీకి ఆరడుగుల దూరంలో స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, హవోర్తియా. అన్నీ నర్సరీ కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు)లోనే, 4 అంగుళాల ప్లాస్టిక్ కుండీల్లో ఉన్నాయి. అన్నిటికీ బుధవారం, ఆదివారం అర గ్లాసు చొప్పున బోరు నీళ్లు పోస్తున్నాను. వానలు మొదలయ్యాక ఎచవేరియా కింది ఆకులు గాజులా మారి, ముట్టుకుంటే ఊడిపోతున్నాయి. జేడ్ ఆకులు మాత్రం ముడతలు పడి రాలుతున్నాయి. ఒకదానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ అయ్యాయా?

ఎర్రమట్టి (సైనిక్‌పురి):
రెండింటికీ ఎక్కువే అయ్యాయండి. జేడ్ ముడతలు చూసి మోసపోకండి. వేర్లు కుళ్లితే మొక్క నీళ్లు పీల్చుకోలేదు. తడి మట్టిలో ఉండి కూడా దాహంతో ముడుచుకుపోతుంది. మట్టి పూర్తిగా ఎండి ఆకు ముడతపడితే నీళ్లు తక్కువైనట్టు. పోసిన రెండు మూడు రోజుల్లో ఆకు మళ్లీ బిగుస్తుంది. మట్టి తడిగా ఉండగానే ముడతపడితే మాత్రం కుండీలోంచి తీసి వేర్లు చూడాల్సిందే.

4 అంగుళాల కుండీకి అర గ్లాసు, అంటే 100 మి.లీ., తప్పేం కాదు. వారానికి రెండుసార్లు పోయడమే తప్పు. కొబ్బరి చీపురు పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి అయిదు నిమిషాలు ఉంచండి. పుల్ల చల్లగా తగిలినా, దానికి మట్టి అంటుకున్నా ఆ రోజు నీళ్లు వద్దు. పొడిగా వస్తే కింది చిల్లులోంచి కారేదాకా పోసి, పావుగంట తర్వాత ప్లేటులో మిగిలినవి పారబోయండి.

మన హైదరాబాదులో బాల్కనీ మొక్కలకు ఉజ్జాయింపుగా: మార్చి నుంచి మే దాకా 5–7 రోజులకోసారి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా 10–15 రోజులకోసారి, చలికాలంలో 10–14 రోజులకోసారి. ఎండాకాలంలో పొద్దుగూకి కుండీ చల్లబడ్డాకే పోయండి. ఎండకు కాలిన కుండీలో నీళ్లు పోస్తే ఆ వేడి తడిలో వేర్లు దెబ్బతింటాయి. వానల్లో, చలిలో మాత్రం ఉదయమే పోయాలి, ఆకుల మధ్య నిలిచిన తేమ రాత్రిలోపు ఆరిపోవాలి.

అడీనియం సంగతి వేరు. ఎండాకాలంలో అది బాగా పెరుగుతుంది, నీళ్లూ ఎక్కువే అడుగుతుంది. డిసెంబరు, జనవరిలో ఆకులు రాలిస్తే చచ్చిపోతోందని కంగారుపడి నీళ్లు పెంచకండి. కాండం అడుగున ఉబ్బిన దుంప మెత్తబడేది అప్పుడే.

కిటికీపక్క (ఎల్బీనగర్):
హాల్లోవాటికి అసలు లెక్క వెలుతురు. ఆరడుగుల దూరంలో వెలుగు బాగా తగ్గిపోతుంది, మొక్క వాడే నీళ్లూ తగ్గుతాయి. స్నేక్ ప్లాంట్‌కు, జీజీకి 3–4 వారాలకోసారి చాలు. జీజీ దుంపల్లోనే నీళ్లు దాచుకుంటుంది. హవోర్తియాను కిటికీ దగ్గరికి జరిపి రెండు వారాలకోసారి పోయండి. ఆకులపై పిచికారీ మాత్రం వద్దు, దానితో వేర్లకు తడి అందదు, ఆకుల నడుమ కుళ్లు పడుతుంది.

కోకోపీట్ కూడా మార్చాలి. తడిస్తే మధ్యలో ఎన్నాళ్లయినా ఆరదు. ఎండితే ముద్దలా కుంచించుకుని, పోసిన నీళ్లు అంచుల వెంట జారిపోతాయి. ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన కంపోస్టు ఒక పాలు, 3–6 మి.మీ. కంకర గానీ ఇటుక ముక్కలు గానీ పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) గానీ రెండు మూడు పాళ్లు కలపండి. ఇటుక పొడిని జల్లించి తీసేయాలి, లేకపోతే సందులన్నీ పూడిపోతాయి. అడుగున గులకరాళ్ల పొర వేస్తే నీళ్లు త్వరగా దిగుతాయనుకుంటారు గానీ, తడి ఆ పొరకు పైనే నిలుస్తుంది. ఆ రాళ్లేవో మట్టిలోనే కలిపేయండి. ప్లాస్టిక్ బదులు మట్టి కుండీ వాడితే పక్కలనుంచి కూడా ఆరుతుంది.

చెరువుగట్టు (కూకట్‌పల్లి):
బోరు నీళ్ల గురించి ఎవరూ అనలేదు. కుండీ అంచున తెల్లటి పొర కడుతోందంటే అది నీళ్లలోని ఉప్పే. రెండు మూడు నెలలకోసారి వాననీళ్లు కుండీ పరిమాణానికి రెండింతలు పోసి కడిగేయాలి. ఆర్‌వో ఫిల్టర్ వదిలేసే నీళ్లు అస్సలు వద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

మిద్దెమొక్క:
జేడ్‌ను తీసి చూశాను. వేర్లు గోధుమరంగులో మెత్తగా ఉన్నాయి, కాండం మొదలు కూడా నల్లబడింది. పైన నాలుగు అంగుళాలు గట్టిగానే ఉంది. బతుకుతుందా?

ఎర్రమట్టి:
బతుకుతుందండి. స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో గట్టి భాగంలో కోయండి. కోతలో గోధుమరంగు చుక్క కనబడినా ఇంకో అర అంగుళం పైకి కోయాలి, ఒక్క గీత మిగిలినా కుళ్లు పైకి పాకుతుంది. కింది ఆకులు తీసేసి, నీడలో గాలి తగిలేచోట 5–7 రోజులు ఆరబెట్టండి. ఈ తేమలో మూడు రోజులు చాలవు. కోత గట్టిగా పొర కట్టాక పొడి మిశ్రమంలో అంగుళమున్నర లోతున నిలబెట్టి, వారం పదిరోజులకు మొదటిసారి కొద్దిగా నీళ్లు పోయండి. పాత కోకోపీట్ పారేయండి. ఆ కుండీని సబ్బుతో కడిగి ఎండలో పెట్టాకే మళ్లీ వాడండి. ఎచవేరియాలను కూడా ఈరోజే జల్లు పడనిచోటికి మార్చండి.