మిక్కీ డోలెంజ్: ‘సర్కస్ బాయ్’ నుంచి ‘మంకీస్’ దాకా, ఎవరెవరు చూశారు?

డల్లాస్_సుజాత: పక్కింటి పెద్దావిడ పుణ్యమా అని ‘ద మంకీస్’ పాత ఎపిసోడ్లు వరసపెట్టి చూస్తున్నాను. నలుగురు కుర్రాళ్ళ పాటల బ్యాండ్ మీద 1960లలో అమెరికాలో వచ్చిన టీవీ కామెడీ, ఆ బ్యాండ్ పేరుతోనే రికార్డులూ వచ్చాయి. అందులో మిక్కీ డోలెంజ్ చిన్నప్పుడే టీవీ స్టార్ అని ఈమధ్యే తెలిసింది. బాలనటుడిగా మొదలై పాటల్లో కూడా నిలబడటం ఇతనికి ఎలా కుదిరింది? అతను చిన్నప్పుడు చేసిన ‘సర్కస్ బాయ్’ సీరియల్ చూసినవాళ్ళుంటే చెప్పండి.

రీరన్_రాజు: చూశానండీ. 1956-58. బింబో అనే ఏనుగుపిల్లకి నీళ్ళు మోసే కార్కీ వేషం. జుట్టుకి బంగారు రంగేశారు, పేరు మిక్కీ బ్రాడాక్ అని వేశారు. తండ్రి జార్జ్ డోలెంజ్ కూడా నటుడే. పదకొండేళ్ళకే కెమెరా ముందు నిలబడ్డాడు కాబట్టే మంకీస్‌లో అంత టైమింగ్. ‘మంకీస్’ 58 ఎపిసోడ్లూ నా దగ్గరున్నాయి. దానికి 1967లో ఎమ్మీ టీవీ అవార్డు ఊరికే రాలేదు.

తాళం_తప్పదు: నటన వరకు ఒప్పుకుంటా. మ్యూజిక్ మాట ఎత్తకండి. మొదటి రెండు ఆల్బమ్స్‌లో వాయిద్యాలు దాదాపు అన్నీ స్టూడియో వాళ్ళవే. డ్రమ్మర్‌గా తీసుకునేనాటికి ఇతనికి డ్రమ్స్ రావు! 22 ఏళ్ళుగా పెళ్ళిళ్ళకీ జాతరలకీ వాయిస్తున్నవాణ్ణి, ఒళ్ళు మండుతుంది.

డల్లాస్_సుజాత: గొంతు అతనిదేగా? ‘ఐయామ్ ఎ బిలీవర్’ రాసింది నీల్ డైమండ్, పాడింది మిక్కీ. ఏడు వారాలు నంబర్ వన్.

రీరన్_రాజు: రామారావు గారు పెదవి కదిపితే ఘంటసాల గొంతు వినిపించేది. ఎవరైనా మోసం అన్నారా?

తాళం_తప్పదు: ఘంటసాల పేరు తెరమీద పడేది సార్! అక్కడ వాయించినవాడెవడో రికార్డు కొన్న పిల్లలకి తెలుసా? వాయించేవాడి కష్టం మీకు అర్థం కాదు.

విశాఖ_డ్రమ్స్_టీచర్: నేనూ వాయించేదాన్నే తమ్ముడూ, ముప్పై ఏళ్ళుగా నేర్పుతున్నాను కూడా. చిన్నప్పుడు తుంటి జబ్బొచ్చి అతని కుడికాలు బలహీనపడింది. చేతులు కుడివాటం, బాస్ డ్రమ్ (కాలితో పెడల్ తొక్కి వాయించే పెద్ద డ్రమ్) మాత్రం ఎడమకాలితో. ఆ పొత్తు ఎంత కష్టమో కిట్ మీద ఒక్కరోజు కూర్చుంటే తెలుస్తుంది. అలాంటివాడు నేర్చుకుని 1966 డిసెంబరులో హొనొలులులో జనం ముందు వాయించాడు. 1967 మేలో వచ్చిన ‘హెడ్‌క్వార్టర్స్’ ఆల్బమ్‌లో డ్రమ్స్ దాదాపు అన్నీ అతనివే.

తాళం_తప్పదు: ఒక్క వారం నంబర్ వన్. వెంటనే బీటిల్స్ వచ్చి దించేశారు.

విశాఖ_డ్రమ్స్_టీచర్: బీటిల్స్ ‘సార్జంట్ పెప్పర్’ ఆల్బమ్ చేతిలో దిగడం కూడా తప్పేనా?

సీరియల్_పాప_అమ్మ: డ్రమ్స్ గొడవ తర్వాత పడండి. అసలు చిన్నప్పటి డబ్బు అతని చేతికొచ్చిందా? మా పాప ఏడేళ్ళప్పుడు ఓ సీరియల్లో చేసింది. రాత్రి పదకొండైనా వదిలేవారు కాదు. మేకప్ కుర్చీలోనే నిద్రపోతే తడిగుడ్డతో మొహం తుడిచి లేపేవారు. పేమెంట్‌కి ఎనిమిది నెలలు తిప్పారు. బాల కార్మికుల చట్టం 2017 రూల్స్ ప్రకారం రోజుకి 5 గంటలే, సంపాదనలో కనీసం 20 శాతం పాప పేర ఎఫ్‌డీ వెయ్యాలి అని అడిగాను. మళ్ళీ పిలవలేదు.

రీరన్_రాజు: అమెరికాలో అలాంటి చట్టం 1939లోనే వచ్చిందమ్మా, కాలిఫోర్నియాలో. జాకీ కూగన్ పేరుమీద. చాప్లిన్ పక్కన చేసిన పిల్లాడు. సంపాదనంతా తల్లీ సవతితండ్రీ ఖర్చుపెట్టేశారు. పెద్దయ్యాక ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ టీవీ కామెడీలో అంకుల్ ఫెస్టర్ ఇతనే.

డల్లాస్_సుజాత: ఫెస్టర్ ఆ పిల్లాడా!! రాత్రికి చూడాల్సిందే. పాప అమ్మగారూ, ఆ డబ్బు చివరికి వచ్చిందా?

సీరియల్_పాప_అమ్మ: సగం. మిగతాదానికి ఇప్పుడు ఫోన్ ఎత్తరు. పాప కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. సెట్‌కి మళ్ళీ పంపను.

తాళం_తప్పదు: టీచర్ గారూ, బాస్ ఎడమకాలితో అయితే హై-హ్యాట్ (రెండో కాలి పెడల్‌తో మూసి తెరిచే జంట తాళాలు) ఎటు పెట్టుకున్నాడు? పొద్దుట్నుంచీ నా కిట్ మీద కూర్చుని చూస్తున్నా, చేతులు అడ్డం పడుతున్నాయి.