జూన్ 21 సభ: ఇనుయిట్ పెద్దావిడకి గంట సమయం, ఎవరెవరు ఏ పని తీసుకుంటారు?

అందరికీ నమస్తే. జూన్ 21 ఇక్కడ కెనడాలో ఆదివాసీల దినం కదా, ఆ రోజు మన ఒటావా సంఘం సభకి ఒక ఇనుయిట్ పెద్దావిడ వస్తానన్నారు. ఇనుయిట్లంటే ఆర్కిటిక్ ప్రాంతపు ఆదివాసీలు. కొందరేమో పదిహేను నిమిషాలు డ్రమ్ డాన్స్ పెట్టి భోజనాలకి వెళ్లిపోదాం అంటున్నారు. నాకది ఇష్టం లేదు. ఆవిడకి గంట ఇద్దాం, ఒప్పుకుంటే రికార్డ్ చేద్దాం.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, 1845లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన నావికుడు ఫ్రాంక్లిన్ ఓడలు రెండూ (ఎరెబస్, టెర్రర్) ఆర్కిటిక్ మంచులో చిక్కుకుని అందరూ పోయారు, ఒక ఓడ ఏ వైపు మునిగిందో ఇనుయిట్లు తరతరాలుగా చెబుతూనే ఉన్నారు, చాలాకాలం బయటివాళ్లు ఆ మాటకి విలువివ్వలేదు. ఉత్తర కెనడాలోని జోవా హేవెన్ అనే ఇనుయిట్ ఊళ్లో లూయీ కామూకాక్ అనే ఆయన, చిన్నప్పుడు ముత్తవ్వ చెప్పిన కథ పట్టుకుని, ముసలివాళ్ల దగ్గర కూర్చుని ఇలాంటివన్నీ పోగుచేశారు. 2014లో ఎరెబస్ వాళ్లు చెప్పిన వైపే దొరికింది. 2016లో టెర్రర్ దొరికింది కూడా, మంచులోంచి పైకి లేచిన కొయ్యని చూశానని ఒక ఇనుయిట్ వేటగాడు చెప్పబట్టే.

ఇగ్లూలిక్ అనే మరో ఇనుయిట్ ఊళ్లో 1986 నుంచి పెద్దవాళ్లే పూనుకుని తమ భాష ఇనుక్టిటుట్‌లో వందల ఇంటర్వ్యూలు రికార్డ్ చేయించారు. వాళ్లు తమ కళ్లతో చూసింది చూశానని, విన్నది విన్నానని విడదీసి చెబుతారు. కాబట్టి "మీ సంస్కృతి గురించి చెప్పండి" అని దయచేసి ఎవరూ అడగొద్దు. చిన్నప్పుడు ఇంట్లో ముందు లేచేది ఎవరు, కుక్కలకి మేత ఎవరు పెట్టేవాళ్లు, అలా అడగండి. మధ్యలో ఆగితే ఆగనివ్వండి, మనం అందుకోవద్దు.

మా నాయనమ్మది దివిసీమ. 77 ఉప్పెనలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో చెయ్యెత్తి చూపించేది. ఒక్కసారి కూడా రికార్డ్ చెయ్యలేదు నేను.

ఇనుక్టిటుట్ దుబాసీ ఖర్చు, ఆవిడకి ఇచ్చే గౌరవ పారితోషికం బడ్జెట్‌లో ముందు రాయాలి. టీ నేను చూసుకుంటా. పిల్లల్ని పక్క గదిలో చూసుకునేవాళ్లు ఇద్దరు కావాలి.

— అక్కా, మంచి మైకులు రెండు ఉన్నాయి నా దగ్గర. అయ్యాక మన యూట్యూబ్‌లో పెట్టెయ్యనా?

— వద్దు తమ్ముడూ. ఆ కథ ఆవిడది. ఫైలు ఆవిడ కుటుంబానికి ఇచ్చేద్దాం, ఉంచుకోమంటేనే మన దగ్గర కాపీ. లైవ్ కూడా వద్దు. ముందు రోజు సాయంత్రం హాల్లో ఫ్యాన్ చప్పుడు ఎంత వస్తుందో ఒకసారి చూసి చెప్తావా?