పెళ్లికాని అమ్మాయికి అబార్షన్ చేయాలంటే నాన్న సంతకం కావాలా?

సుధ_మారతహళ్లి (చర్చ మొదలుపెట్టినవారు)
నా రూమ్మేట్ విషయం. పేరు, ఊరు చెప్పను. వయసు 24, ఉద్యోగం ఉంది. ఎనిమిదో వారం నడుస్తోంది. అతను ఫోన్ ఎత్తడం మానేసి పది రోజులైంది. శనివారం ఇద్దరం ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్లాం. రిసెప్షన్‌లో పదిమంది కూర్చుని ఉండగా "మ్యారీడా, అన్‌మ్యారీడా?" అని గట్టిగా అడిగారు. లోపల డాక్టరమ్మ స్కానింగ్ చూసి, చేయడానికి ఇబ్బందేమీ లేదు, కానీ నాన్నగానీ అన్నగానీ వచ్చి సంతకం పెట్టాలంది. అమ్మ వస్తే చాలదట. రెండోచోట భర్త ఆధార్ కార్డు అడిగారు. మూడోచోట ఏ సంతకమూ అక్కర్లేదన్నారు, రేటు మాత్రం మూడింతలు చెప్పారు.
నేను అడిగేది ఒక్కటే. ఈ సంతకం చట్టంలో ఉందా, లేదా? దయచేసి నీతులు వద్దు.

వేంకటేశ్వర్లు_రిటైర్డ్
నీతి చెప్పనమ్మా. కానీ మా రోజుల్లో ఆడపిల్ల పొరుగూరికి వెళ్లాలన్నా ఇంట్లో ఒక మాట చెప్పి వెళ్లేది. ఇప్పుడు ప్రాణం తీయడానికి కూడా చెప్పక్కర్లేదంటే ఎలా?

మౌనిక_బీటీఎం
అంకుల్ నీతి చెప్పకుండా రెండో వాక్యం కూడా దాటలేదు.

సర్జాపూర్_శీను
ఇంత గొడవెందుకు, మెడికల్ షాపులో ఐ-పిల్ దొరుకుతుంది కదా.

మేరీ_స్టాఫ్_నర్స్
శీనూ, ఐ-పిల్ కలిసిన 72 గంటల్లోపు వేసుకోవాలి. అది కడుపు రాకుండా ఆపే మాత్ర, వచ్చిన కడుపును తీసేది కాదు. ఎనిమిదో వారంలో వేసుకుంటే డబ్బు దండగ తప్ప ఏమీ జరగదు. నువ్వు అనుకుంటున్నది వేరే కిట్టు, రెండు రకాల మందులుంటాయి. తొమ్మిది వారాల వరకు, అదీ డాక్టరు చూసి ఇస్తేనే వాడాలి.
సుధా, నీ ప్రశ్నకు జవాబు: లేదు. పద్దెనిమిది నిండిన అమ్మాయికి తన సంతకం ఒక్కటే చాలు. దాన్ని సి ఫారం అంటాం. పద్దెనిమిది లోపైతే, లేదా మతి స్థిమితం లేకపోతే సంరక్షకుల సంతకం కావాలి. 1971 గర్భస్రావ చట్టంలోనే ఇలా ఉంది. భర్త సంతకమన్నది అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

రఘు_హోసకోటె
మేరీ గారు చట్టం చెప్పారు, సంతోషం. నేను లోకం చెప్తాను. అపెండిక్స్ ఆపరేషన్‌కి వెళ్లినా మనవాళ్లెవరని అడుగుతారు. నాకు కిడ్నీలో రాయి తీసినప్పుడు నా భార్య నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టింది. అప్పుడు ఎవరూ హక్కులని గోల చేయలేదు. రాత్రి రెండింటికి ఆ అమ్మాయికి బ్లీడింగ్ ఎక్కువైతే ఎవరు పరిగెత్తాలి? పీజీలో వాచ్‌మన్నా? ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి కాబట్టే సంతకం అడుగుతారు. అది ఆడపిల్ల మంచికే.

సుధ_మారతహళ్లి
నేను పరిగెత్తుతాను రఘు గారూ. ఆ మాటే డాక్టరమ్మకి చెప్పాను. "నువ్వు చెల్లవు, మగవాళ్లు ఎవరైనా రావాలి" అంది. బాధ్యత కోసమైతే నా సంతకం ఎందుకు చెల్లదు?

రఘు_హోసకోటె
నువ్వు రూమ్మేటువి తల్లీ. రేపు వేరే కంపెనీలో ఆఫర్ వస్తే హైదరాబాద్ వెళ్లిపోతావు. రక్తసంబంధం వేరు.
నా ప్రశ్నకు మాత్రం ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. రాత్రి రెండింటికి ఎవరు?

మేరీ_స్టాఫ్_నర్స్
రఘు గారూ, అటెండెంట్ సంతకం వేరు, అనుమతి సంతకం వేరు. అటెండెంట్‌గా స్నేహితురాలు పెట్టినా సరిపోతుంది. హాస్పిటల్ వాళ్లు నాన్నని ఎందుకు అడుగుతారో నేను చెప్తాను, పదిహేడేళ్లుగా చూస్తున్నదే. రేపు ఇంట్లోవాళ్లకి తెలిసి పదిమందిని వెంటేసుకొచ్చి అద్దాలు పగలగొడతారని భయం. డాక్టరు తనని కాపాడుకోవడానికి పెట్టించుకునే సంతకం అది, అమ్మాయిని కాపాడటానికి కాదు.
ఒక మాట దాచను. నాకు వ్యక్తిగతంగా అబార్షన్ అంటే ఇష్టం లేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన చేసుకుంటాను. డ్యూటీలో మాత్రం ఎవరినీ "పెళ్లైందా" అని అడగను.

వేంకటేశ్వర్లు_రిటైర్డ్
అందరూ హక్కు హక్కు అంటున్నారు. నేను ముప్ఫై ఏళ్లు ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్లు చూసినవాణ్ణి, చట్టం చదవడం నాకూ వచ్చు. గర్భస్రావం నేటికీ నేరమే. పాత ఐపీసీలో 312వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 88వ సెక్షన్. 1971 చట్టం ఇచ్చింది మినహాయింపు మాత్రమే, అదీ డాక్టరు సరేనంటేనే. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు బిడ్డల తల్లికి, పెళ్లైన స్త్రీకే, కుదరదంది. హక్కయితే కోర్టు ఎందుకు కాదంటుంది?

మౌనిక_బీటీఎం
ఆమెది 26 వారాలు దాటిన కేసు అంకుల్. ఇక్కడ ఎనిమిది. 2021 సవరణ తర్వాత 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. అదే సవరణలో "వివాహిత లేదా ఆమె భర్త" అన్నచోట "స్త్రీ లేదా ఆమె భాగస్వామి" అని మార్చారు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్లికాని వాళ్లకి కూడా 24 వారాల వరకు అవకాశం ఉందని తీర్పిచ్చింది. చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదని కూడా అందులోనే చెప్పారు.

వేంకటేశ్వర్లు_రిటైర్డ్
అవకాశం వేరు, హక్కు వేరు. నేను అడిగింది హక్కు.

సర్జాపూర్_శీను
అసలు ఇండియాలో అబార్షన్ నేరం కదా? ప్రతి స్కానింగ్ సెంటర్లో బోర్డు ఉంటుంది.

మేరీ_స్టాఫ్_నర్స్
ఆ బోర్డు ఆడో మగో చెప్పడం నేరమని, 1994 చట్టం ప్రకారం పెట్టింది. ఆడపిల్ల అని తెలిసి తీయించేవాళ్ల కోసం తెచ్చారు. ఆ బోర్డు చూసి అబార్షనే నేరమనుకుని నాటు మందుల దగ్గరికి వెళ్లిన ఆడవాళ్లు మా వార్డుకి వస్తూనే ఉంటారు. 1964లో శాంతిలాల్ షా కమిటీ వేసింది కూడా ఇలా చచ్చిపోతున్నారనే.

మౌనిక_బీటీఎం
రఘు గారు సంతకం ఉంటే ప్రాణం భద్రం అన్నట్టు మాట్లాడుతున్నారు. మన బెళగావిలో పెరిగిన సవితా హలప్పనవర్ గుర్తుందా? 2012, ఐర్లాండ్‌లోని గాల్వే. 17వ వారంలో గర్భం నిలవదని తేలింది. తీసేయమని ఆమే అడిగింది. పక్కనే భర్త ఉన్నాడు, ఆయనా అడిగాడు. పిండం గుండె కొట్టుకుంటోంది, కుదరదన్నారు. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి చనిపోయింది. ఆమె డెంటిస్టు, పెళ్లైంది, భర్త ఉన్నాడు. మీరు అడిగేవన్నీ ఉన్నాయి. ఆ దేశం 2018లో ఓటు వేసి చట్టం మార్చుకుంది.

రఘు_హోసకోటె
ఐర్లాండ్ గొడవ నాకెందుకు? మీకు పుస్తకాలు తెలుసు. నాకు నెత్తురు తెలుసు. వీకెండ్‌లో తిరగడం, నెల తప్పితే తీయించుకోవడం, సోమవారం లాగిన్ అవడం. అమ్మానాన్నలు ఊళ్లో అప్పు చేసి బీటెక్ చదివిస్తే వీళ్లు చేసేది ఇది. తెలియకూడదు, తెలియకూడదు! చేసింది మంచిపనైతే తెలిస్తే ఏం?

సుధ_మారతహళ్లి
అదీ మాట! ఇంతసేపూ బ్లీడింగ్, బాధ్యత, రాత్రి రెండు గంటలు అన్నారు. మీ బాధ ఆమె ప్రాణం గురించి కాదు, ఇంట్లో తెలియకుండా జరుగుతోందనే. ఆ అబ్బాయి కూడా అమ్మానాన్నల డబ్బుతోనే చదివాడు. అతని సంతకం ఎవరూ అడగలేదు. అతని ఊరికి ఎవరూ ఫోన్ చేయలేదు. ఇవాళ పొద్దున స్టేటస్‌లో బిర్యానీ ఫోటో పెట్టాడు.

సర్జాపూర్_శీను
🍿

అడ్మిన్
శీనూ, ఇంకో బొమ్మ పెడితే వారం బయట ఉంటావు.

రఘు_హోసకోటె
ప్రాణం గురించి కాదా? సరే, ఇన్నాళ్లూ ఈ వేదికలో చెప్పనిది చెప్తాను.
2011. నా చెల్లెలు డిగ్రీ రెండో సంవత్సరం. మెడికల్ షాపువాడు చీటీ లేకుండా కిట్టు అమ్మాడు. ఎన్ని వారాలో ఎవరూ చూడలేదు. "బయట చేరాను, కడుపునొప్పి" అని చెప్పి మూడు రోజులు పడుకుంది. మా అమ్మ వాము నీళ్లు కాచి ఇచ్చింది. నేను పక్కగదిలో క్రికెట్ చూస్తున్నాను. నాలుగోరోజు జీపులో వేసుకుని వెళ్లేసరికి కాళ్లు చల్లబడ్డాయి. డాక్టరు "రెండు రోజుల ముందు తీసుకురావాల్సింది" అన్నాడు. గోడకి అవతలే ఉన్నాను నేను. నాకు చెప్పి ఉంటే?
అందుకే అడుగుతున్నా, రాత్రి రెండింటికి ఎవరని.

మౌనిక_బీటీఎం
క్షమించండి రఘు గారూ. నాకు తెలియదు.

సుధ_మారతహళ్లి
నన్నూ క్షమించండి అన్నా. నోరు జారాను. కానీ ఒకటి అడుగుతాను, కోపం వస్తే జవాబు ఇవ్వొద్దు. చెప్పి ఉంటే ఏం చేసేవారు? సంతకం పెట్టేవారా?

వేంకటేశ్వర్లు_రిటైర్డ్
అమ్మాయ్, చనిపోయిన వాళ్లని అడ్డుపెట్టుకుని వాదన గెలవకూడదు.

రఘు_హోసకోటె
ఉండండి మాస్టారూ, అడగనివ్వండి.
(రెండు గంటల తర్వాత రాస్తున్నాను.) పెట్టేవాణ్ణి కాదు. ముందు కొట్టేవాణ్ణేమో. కాలేజీ మాన్పించేవాళ్లం. అప్పటికే ధర్మవరం సంబంధం చూసి ఉంచాం, పదిరోజుల్లో పెళ్లి చేసి పంపేవాళ్లం. దానికి అది తెలుసు. అందుకే గోడకి ఇవతల ఉన్నవాణ్ణి పిలవలేదు.
మీరంతా సంతకం గురించి మాట్లాడుకోండి. నేను ఇక దాని జోలికి రాను.

మేరీ_స్టాఫ్_నర్స్
తమ్ముడూ, భోజనం చేసి పడుకో.

వేంకటేశ్వర్లు_రిటైర్డ్
నా అభిప్రాయం నాదే. హక్కు అన్న పదం చట్టంలో లేదు. అయినా రఘూ, ఆ రోజుల్లో మేమైనా అదే చేసేవాళ్లం.

సుధ_మారతహళ్లి
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. పని అయిపోయింది. మేరీ అక్క మెసేజ్‌లో చెప్పినట్టు ఇంకో హాస్పిటల్‌కి వెళ్లి "సి ఫారం ఇవ్వండి" అని సూటిగా అడిగాం. ఆ మాట విన్నాక గొంతు మారింది. తనే సంతకం పెట్టింది, అటెండెంట్‌గా నేను పెట్టాను. డాక్టరు గారు దగ్గరుండి మాత్రలు ఇచ్చారు, రెండు వారాలకి మళ్లీ చూపించుకోమన్నారు. రాత్రి రెండింటికి మెలకువగానే ఉన్నాను రఘు అన్నా, మూడింటికి కూడా. వేడినీళ్ల సంచి, కొబ్బరినీళ్లు, ఆటో నంబరు అన్నీ పక్కనే పెట్టుకున్నాను.
కానీ పీజీలో పనిచేసే ఆవిడ చెత్తబుట్టలో మందుల అట్ట చూసి ఓనర్‌కి చెప్పింది. నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. కారణం అడిగితే "ఫ్యామిలీలున్న వీధి" అన్నాడు. అడ్వాన్సులో సగం పెయింటింగ్‌కి పట్టుకుంటాడట.

మౌనిక_బీటీఎం
మా ఫ్లాట్‌లో ఒక గది ఖాళీ. ఇద్దరూ రండి. ఆ డాక్టరు ఆమె పేరు బయటపెడితే చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు ఉంది కానీ, పనిమనిషికీ ఓనర్‌కీ ఏ సెక్షనూ లేదు చూడండి.

రఘు_హోసకోటె
అడ్వాన్స్ ఎంత కట్టారమ్మా? ఓనర్ నంబరు పంపు. తెలుగువాడైతే నేను మాట్లాడతాను. డబ్బు ఎలా ఇవ్వడో చూస్తా.

సుధ_మారతహళ్లి
తెలుగువాడే అన్నా. నా రూమ్మేట్ వాళ్ల పక్క మండలమే. వాళ్ల నాన్న పేరు వింటే గుర్తుపడతాడు. వద్దు, ఆ సగం వదిలేసుకుంటాం.