3 లక్షల కిలోమీటర్లు దాటిన డీజిల్ బండి: ఇంజన్ బోరు చేయించాలా, స్లీవులు వేయించాలా?

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర. కొబ్బరికాయల లోడుకు తిరిగే డీజిల్ పికప్ ఉంది, రీడింగ్ 3,40,000 కిలోమీటర్లు దాటింది. కొంతకాలంగా ఆయిల్ తాగుతోంది. లోడుతో జొన్నాడ వంతెన ఎక్కేటప్పుడు వెనక నీలం పొగ. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ బుస్సుమని తన్నుకొస్తోంది. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూస్తే మూడో సిలిండర్‌లో బాగా తక్కువ. అందులో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూస్తే పెరిగింది. అంటే వాల్వులు కాదు, పిస్టన్ రింగులూ, బోరూ (సిలిండర్ లోపలి గోడ) అరిగాయని మెకానిక్ గారి మాట. నాకూ అదే సబబనిపించింది.

టెన్షనల్లా ఇక్కడి నుంచే. బోరు చేయించి, అంటే సిలిండర్లను కాస్త పెద్దవి చేయించి, ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయడం మేలా, స్లీవులు (సిలిండర్ లోపల కొత్త గొట్టాలు) వేయించి స్టాండర్డ్ సైజుకే రావడం మేలా? క్రాంక్ జర్నళ్లు (క్రాంక్ షాఫ్ట్‌లో బేరింగుల మీద తిరిగే భాగాలు) మైక్రోమీటర్‌తో కొలవకుండా బేరింగులు మాత్రం మార్చేద్దామంటున్నారు, అది నాకు మింగుడుపడటం లేదు. రింగులు, బేరింగులు, గాస్కెట్లు కంపెనీవే తీసుకోవాలా, బయటి మంచి బ్రాండ్లు సరిపోతాయా? నకిలీ సామాను ఎలా పసిగడతారు? రావులపాలెం, తణుకు, రాజమండ్రి వైపు హోనింగ్ (సిలిండర్ గోడలకు చివరి నునుపు పని) శుభ్రంగా చేసే లేత్ షాపు తెలిస్తే చెప్పండి. కార్తీకమాసం గిరాకీ మొదలయ్యేలోపు బండి రోడ్డెక్కాలి.