పిట్స్‌బర్గ్ పక్షుల జూలో మేత టికెట్ కొనాలా, వద్దా?

ఒహాయో బుజ్జమ్మ:
వచ్చే శనివారం కొలంబస్ నుంచి పిట్స్‌బర్గ్ వెళ్తున్నాం. పొద్దున పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి దర్శనం, తర్వాత గుడి క్యాంటీన్లో పులిహోర. ఇంతవరకు ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. గొడవంతా మధ్యాహ్నం ప్రోగ్రామ్ దగ్గరే. ఊళ్ళో నేషనల్ ఏవియరీ అని, ఒక్క పక్షుల కోసమే పెట్టిన జూ ఉంది. చాలావరకు కప్పు కిందే కాబట్టి వానొచ్చినా మంచు పడినా ఇబ్బంది లేదు. పక్షుల దగ్గరికి వెళ్ళి మేత పెట్టాలంటే విడిగా టికెట్ తీసుకోవాలి. మా బాబుకి ఏడేళ్ళు, వాడి కోసం ఆ టికెట్ కొందామంటారు మా ఆయన. రేపల్లె నుంచి వచ్చిన మా అత్తగారేమో "బంధించిన పిట్టకి గింజ పెట్టి మురిసిపోవడం ఏం సరదా అమ్మా? మీరెళ్ళి రండి, నేను గుళ్ళోనే కూచుంటా" అన్నారు. బాబు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆవిడ మాట విన్నాక నాకూ మనసు పీకుతోంది. మీరైతే ఏం చేస్తారు?

మూడు నదుల మురళి:
బుజ్జమ్మ గారూ, పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నా, ఏటా ఏవియరీ మెంబర్‌షిప్ తీసుకుంటా. నా మాట వింటే కళ్ళు మూసుకుని కొనండి. చలికాలంలో వెట్‌ల్యాండ్స్ గదిలో అడుగు పెట్టగానే ముందు కళ్ళద్దాలు మసకబారిపోతాయి, లోపల అంత తేమ. తుడుచుకుని పెట్టుకునేసరికి ఎదురుగా ఫ్లెమింగోలు. మనకీ వాటికీ మధ్య కమ్మీలు ఉండవు. తలమీంచి ఏదో ఒకటి రివ్వున పోతుంది, టోపీ పెట్టుకుంటే మంచిది (ఎందుకో వెళ్ళాక తెలుస్తుంది). పెంగ్విన్ల దగ్గర పిల్లలు కింద సొరంగంలోంచి పాకి అద్దపు బుడగలోంచి తల పైకి పెట్టొచ్చు. మా పాప తల పెట్టగానే ఒక ఆఫ్రికన్ పెంగ్విన్ వచ్చి అద్దాన్ని ముక్కుతో టక్కున కొట్టింది. పాప ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఇది 1952 నుంచీ ఉంది. 1991లో సిటీ మా వల్ల కాదని చేతులెత్తేస్తే ఊరి జనం పూనుకుని నిలబెట్టుకున్నారు. 1993లో అమెరికా కాంగ్రెస్ 'నేషనల్' అన్న పేరు గౌరవంగా ఇచ్చింది. 150కి పైగా జాతులు, 500 దాకా పక్షులు. అంత మేపాలంటే డబ్బు ఎక్కణ్ణుంచో రావాలి కదా. మేత టికెట్ అందులో ఒక భాగం.

కొల్లేరు కొంగ:
మురళి గారూ, ఆ స్థలం చరిత్ర 1952తో మొదలుపెట్టారు. ఇంకాస్త వెనక్కి వెళ్ళండి. 19వ శతాబ్దంలో అక్కడున్నది వెస్టర్న్ పెనిటెన్షియరీ, అంటే జైలు. ఖైదీలు పోయారు, పక్షులొచ్చాయి.

ఇంకోటి. 2021 సెప్టెంబర్‌లో మీ ఏవియరీ నుంచి ఒక గద్ద తప్పించుకుంది. దాని పేరు కోడి. నవ్వకండి, నిజంగా అదే పేరు. స్టెల్లర్స్ సీ ఈగిల్ జాతి, రెక్కలు చాపితే ఏడడుగులుంటుంది. వారం పైగా ఊరి శివార్లలో తిరిగాక గానీ దొరకలేదు. సందు దొరికితే పోయిందంటే అక్కడ దానికెంత సుఖంగా ఉందో మీరే చెప్పండి.

మేమిక్కడ ఏలూరు పక్కన తెల్లవారుజామున లేచి, బురదలో మోకాళ్ళ దాకా దిగబడి, గూడకొంగ వాలేదాకా గంటసేపు కదలకుండా నిలబడతాం. అది మనల్ని లెక్కచేయదు. పిల్లవాడికి తెలియాల్సింది అదే. చేతిలో గిన్నె పెట్టుకుంటే చాలు పక్షి వచ్చి వాలుతుందని నేర్పితే, రేపు వాలని పక్షి మీద రాయి వేస్తాడు.

మూడు నదుల మురళి:
రాయి వేస్తాడా! ఇది మరీ అన్యాయం కొంగ గారూ. కోడి తిరిగి దొరికినప్పుడు ఊరంతా పండగ చేసుకుంది. అది ఎక్కడ కనిపించినా ఫోన్ చేసి చెప్పింది మామూలు జనమే. పక్షి మీద ఇష్టం లేకపోతే ఎవరు చెప్తారు?

మాజీ గిన్నెల మనిషి:
చదివేసి ఊరుకుందామనుకున్నా, ఉండలేకపోయా. గల్ఫ్‌లో ఒక మాల్ లోపల పక్షుల పార్కులో రెండేళ్ళు పనిచేశాను. పేరు చెప్పను, వేరే దేశంలోది, మీ పిట్స్‌బర్గ్‌తో దానికి ఏ సంబంధమూ లేదు.

నా డ్యూటీ లోరీకీట్ల గది. ఆకుపచ్చ రెక్కలు, నీలం తల, నారింజ రంగు రొమ్ము. ఇవి గింజలు తినే చిలకల్లాంటివి కావు. పూలలో తేనె, పుప్పొడి తినే జాతి. నాలుక చివర బ్రష్‌లా కుచ్చు ఉంటుంది. మీ చేతిలో మకరందం గిన్నె ఉంటే వచ్చి మణికట్టు మీద వాలుతుంది, గోళ్ళు చిన్నగా గుచ్చుకుంటాయి, గిన్నెలో నాలుక టకటకా ఆడుతుంటే ఆ కదలిక వేళ్ళకి తెలుస్తుంది. ఒక చుక్క చర్మం మీద పడితే దాన్ని కూడా నాకేస్తుంది. చక్కిలిగిలి పెట్టినట్టుంటుంది. మొదటిరోజు నేనూ చిన్నపిల్లాడిలా నవ్వాను.

అసలు సంగతి శుక్రవారాలు తెలిసింది. జనం ఎక్కువ. పన్నెండు గంటలకల్లా వాటి పొట్టలు నిండిపోయేవి. పైకెళ్ళి కొమ్మల మీద కూర్చుని ఈకలు సర్దుకునేవి. కింద గిన్నె కొనుక్కున్నవాళ్ళు చేతులు చాచి నిలబడి "రావట్లేదేంటి?" అని మా మీద అరుపులు. సూపర్‌వైజర్ ఒక మార్గం కనిపెట్టాడు. శుక్రవారం పొద్దున పెట్టాల్సిన మేత ఆపేయమన్నాడు. తర్వాత అన్ని సెలవు రోజులూ అంతే. గిన్నె తెరవగానే ఒక్కో చేతి మీద అయిదారు వాలేవి, ఒకదాన్నొకటి పొడుచుకునేవి. ఫొటోలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చేవి. "ఎంత ఫ్రెండ్లీగా ఉన్నాయో" అని జనం మురిసిపోతుంటే నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు. పైకి ఎగిరిపోకుండా కొన్నిటి రెక్కల ఈకలు కూడా కత్తిరించారు. ఆ నెలలోనే మానేశాను.

బుజ్జమ్మ గారూ, టికెట్ కొనాలో వద్దో నేను చెప్పను. ఒక్కటి చేయండి. మీ వంతుకి ముందు పది నిమిషాలు పక్కన నిలబడి చూడండి. ఎవరి దగ్గరికైనా పక్షి రాకపోతే సిబ్బంది ఏం చేస్తున్నారు? "వాటికి కడుపు నిండింది, ఇంక రావు" అని నవ్వేసి ఊరుకుంటే అది మంచి చోటు. పక్షిని పట్టి తెచ్చి చేతి మీద పెడితే వెనక్కి తిరిగి వచ్చేయండి.

గన్నవరం డాక్టర్:
పైన రాసినాయన చెప్పింది అక్షరాలా నిజం. ఇలాంటి చోటుకి అసలు పరీక్ష ఇదే: పక్షి కావాలంటే వెళ్ళిపోవచ్చా? పైన దానికి మనుషుల చేయి అందని కొమ్మ ఉందా? ఉంటే, వచ్చినప్పుడు తన ఇష్టంతోనే వచ్చినట్టు.

అయితే కొంగ గారికి ఒక మాట. మేత చూపించి పక్షిని దగ్గరికి పిలిచే పద్ధతి మొత్తాన్నీ తప్పుపట్టలేం. పక్షికి జబ్బు చేస్తే చివరిదాకా బయటపడనివ్వదు. అడవిలో నీరసంగా కనిపిస్తే వేటజంతువు వదలదు కదా, ఆ అలవాటే. ఈకలు కప్పేయడంతో పైకి బాగానే కనిపిస్తుంది, లోపల బరువు తగ్గిపోతూ ఉంటుంది. అందుకే మంచి జూలలో చిన్న ముక్క మేత ఆశ చూపి పక్షిని తనంతట తాను త్రాసు ఎక్కేలా అలవాటు చేస్తారు. వల వేసి పట్టుకుంటే భయానికే సగం చచ్చే జాతులున్నాయి. ఆ బాధ తప్పుతుంది. అలవాటు చేయడం వేరు, కడుపు మాడ్చడం వేరు.

ఇక బాబు సంగతి. చిలక జాతి పక్షుల రెట్టలు, ఈకల దుమ్ము నుంచి సిటకోసిస్ అనే జ్వరం రావచ్చు, పారట్ ఫీవర్ అంటారు. అరుదే, యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది. బయటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి, లోపల నోట్లో వేలు పెట్టనివ్వకండి. తర్వాత ఒకటి రెండు వారాల్లో జ్వరం, పొడిదగ్గు వస్తే పక్షుల దగ్గరికి వెళ్ళామని డాక్టర్‌కి చెప్పండి. చెప్పకపోతే ఎవరికీ తట్టదు. టెన్షన్ పడాల్సిందేం లేదు. అత్తగారికి ఆయాసం లాంటిదేమైనా ఉంటే మాత్రం ఆవిణ్ణి ఆ గదిలో ఎక్కువసేపు ఉంచకండి.

కొల్లేరు కొంగ:
డాక్టర్ గారూ, త్రాసు మాట ఒప్పుకుంటా. కానీ అది తలుపు వెనక జరిగే పని. దానికి టికెట్ ఎందుకు?

మన చిలక జోస్యం గుర్తు తెచ్చుకోండి. పంజరం తలుపు తీస్తే చిలక బయటికొచ్చి కార్డు లాగుతుంది, ఆయన గింజ ఇస్తాడు, అది మళ్ళీ లోపలికి పోతుంది. అది కూడా 'తనంతట తాను' వచ్చినట్టే కదా! ఆ లోరీకీట్‌కీ దీనికీ తేడా ఏసీ ఒక్కటే. రామచిలకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమని మనకి తెలుసు. అందుకే ఇప్పుడు మన దగ్గర వ్యాపారం విదేశీ పక్షుల మీద పడింది. వీకెండ్ ఫామ్‌హౌస్‌లో భుజం మీద మకావ్ అనే పెద్ద చిలకని పెట్టి సెల్ఫీ. పిట్స్‌బర్గ్‌లో చేత్తో మేపి వచ్చిన పిల్లాడు ఇక్కడికి సెలవులకొస్తే అదే అడుగుతాడు. రెండిటికీ తేడా వాడికెలా తెలుస్తుంది?

మూడు నదుల మురళి:
మనం చెప్తే తెలుస్తుంది, అమ్మానాన్న ఉన్నది అందుకే.

టికెట్ ఎందుకన్నారు కదా. గువామ్ ద్వీపం సంగతి వినండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఓడల సరుకులో ఒక జాతి చెట్టుపాము అక్కడికి చేరింది. పామంటే ఏమిటో ఎరగని పక్షులు. గూళ్ళు ఊడ్చిపెట్టేసింది. సిహెక్ అని అక్కడి లకుముకిపిట్ట, 1988 కల్లా అడవిలో ఒక్కటీ లేదు. ముందే పట్టి తెచ్చిన కొన్నిటిని జూలలో పొదిగించి, పెంచి, తరాల తర్వాత 2024లో తొమ్మిది పిట్టల్ని పాల్మైరా అనే పాములు లేని దీవిలో వదిలారు. ముప్ఫై ఆరేళ్ళు వాటిని ఎవరు మేపారు? గిన్నె కొన్న పిల్లల అమ్మానాన్నల డబ్బు కూడా అందులో ఉంది. మీ బురద, మీ ఓపిక గొప్పవే. కానీ వాటితో ఆ పిట్ట బతికేది కాదు.

కొల్లేరు కొంగ:
సిహెక్ విషయంలో మీదే గెలుపు. దాని కోసం చందా అడగండి, నేనూ ఇస్తా. పెంగ్విన్ల కోసమైనా ఇస్తా, ఆఫ్రికన్ పెంగ్విన్‌ని 2024లో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోకి చేర్చారు, అడవిలో పదివేల జంటలు కూడా లేవు. కానీ గిన్నె పట్టుకునే లోరీకీట్ ఆస్ట్రేలియాలో ఊరపిచ్చుకలా తిరుగుతుంది. ఒకదాని పేరు చెప్పి ఇంకోదాన్ని ఆడించడం నాకు నచ్చదు.

వీరాపురం ఆడపడుచు:
మాది చిలమత్తూరు దగ్గర వీరాపురం. ఏటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు పెడతాయి. మా అమ్మ వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లలంటుంది. కింద బట్టలారేస్తే రెట్టలు, చేప వాసన, పిల్లల గోల, అన్నీ భరిస్తాం. ఒక్కరు కూడా వాటికి మేత పెట్టరు. వాటి చేప అవే తెచ్చుకుంటాయి. పిల్ల కింద పడితే మాత్రం తీసి చూసుకుంటాం.

అలాగని మేత పెట్టడమే తప్పంటే మా నాన్న ఒప్పుకోడు. కోతలయ్యాక వరి కంకులు కుచ్చుగా అల్లి చూరుకు కట్టేవాడు, పిచ్చుకల కోసం. అవి ఎప్పుడొచ్చేవో, ఎప్పుడు పోయేవో. మేం చాప మీద పడుకుని కింద నుంచి చూసేవాళ్ళం. ఊక మొహం మీద పడేది. బుజ్జమ్మక్కా, మీ పెరట్లో ఒక ఫీడర్ కట్టు. ఒహాయోలో ఎర్ర కార్డినల్ పిట్టలు వస్తాయట కదా. రెండు వారాలకోసారి కడగాలి, లేకపోతే వాటికే జబ్బులు.

మాజీ గిన్నెల మనిషి:
ఊక మొహం మీద పడేది అన్నారు చూడండి, ఆ మాటకి మా ఇల్లు గుర్తొచ్చింది.

ఒహాయో బుజ్జమ్మ:
అందరికీ థాంక్సండీ. రాత్రి భోజనాలయ్యాక ఇదంతా అత్తగారికి చదివి వినిపించా. వరి కుచ్చు దగ్గర "మా ఇంట్లోనూ ఉండేది" అన్నారు. గల్ఫ్ సంగతికి చాలాసేపు మాట్లాడలేదు. సిహెక్ పిట్ట గురించి రెండుసార్లు చదివించుకున్నారు. డాక్టర్ గారూ, ఆవిడకి ఆయాసం లేదు, మోకాళ్ళే.

మా ఆయన ఇప్పటికీ టికెట్ పక్షమే. చివరికి ఇలా తేల్చాం. ముందే ఆన్‌లైన్లో కొనం. లోపలికి మామూలు టికెట్‌తో వెళ్ళి, పక్కన నిలబడి చూసి, అప్పటికి ఇంకా ఖాళీలుంటే అక్కడే తేల్చుకుంటాం. ఖాళీ లేకపోతే పోయిందనుకుంటాం. బాబుకి ముందే చెప్పా, పక్షి నీ దగ్గరికి రాకపోతే ఏడవకూడదని. "రాకపోతే గిన్నె నేను తాగొచ్చా?" అన్నాడు.

కొంగ గారూ, మీరు వద్దన్నా మా అత్తగారు వస్తున్నారు, అదీ మీ పుణ్యమే. గుళ్ళో కూచుంటానన్నావిడ పడుకోబోతూ మా గది తలుపు దగ్గర ఆగి, "ఆ గద్దకి కోడి అని పేరు పెట్టిన మహానుభావుడెవరో, ఆ చోటేదో, ఒకసారి చూసొద్దాం" అన్నారు. మురళి గారూ, లోపల వీల్‌చెయిర్ ఇస్తారా?

మూడు నదుల మురళి:
నేనే వస్తా అండీ శనివారం. గుడి దగ్గర కలుద్దాం. పులిహోర రెండు పొట్లాలు ఎక్కువ తీసుకోండి.