సమస్యాపూరణం: “నరుక వచ్చిన చెట్టుకే నాటె కంచె”

నిర్వాహకుడు, హనుమకొండ: ఈసారి తేటగీతి పాదం. వస్తువు తీర్పుకు ముందు దేవుడు చూపే ఓర్పు. బైబిలు నుంచే తీసుకోవాలి.

కాజీపేట పంతులు:

మూడు వత్సరములు కాయ మోయకున్న
తోట యంజూరమునకు నా తోటమాలి
యేఁడు గడువును గోరి తా నెరువు వేయ
నరుక వచ్చిన చెట్టుకే నాటె కంచె

నిర్వాహకుడు: నడక బాగుంది సార్. అయితే లూకా 13లో తోటమాలి “చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను, ఈ ఏడాది కూడా ఉండనివ్వండి” అని అడుగుతాడు, అంతే. యజమాని ఏమన్నాడో లేదు, కథ అక్కడే ఆగిపోతుంది. ఆయన చేత కంచె వేయించింది మీరే. కవికి ఆ మాత్రం చనువుంది లెండి.

జగిత్యాల రైతు: మామిడికి పాదు తీసి పెంట వేసినంక లేత చిగురు వస్తది. మేకలు ముందు దాని మీదనే పడతయి. తుమ్మకంప కొట్టి చుట్టూ వేయకపోతే చేసిన పనంతా దండుగ. పంతులు సార్ కల్పన నాకు నచ్చింది.

పంతులు: నా ధైర్యం యెషయా 5. అక్కడ ద్రాక్షతోట కారుద్రాక్షలు కాస్తే, యజమాని కంచె కొట్టేస్తానంటాడు. కంచె తీసేయడం శిక్ష అయినప్పుడు, వేయడం గడువు ఇచ్చినట్టే కదా?

జనగామ కొత్తకవి:

తడవు సేసెడు వాఁడని తలఁపవలదు
ఒక్క దినమట వేయేండ్లు ప్రభువునకును
ఎవరు నశియింపఁ గూడదం చెంచి తండ్రి
నరుక వచ్చిన చెట్టుకే నాటె కంచె

నిర్వాహకుడు: తమ్ముడూ, రెండో పాదంలో ‘ఒ’కు ‘ప్ర’తో యతి, అంటే అక్షరమైత్రి, చెల్లదు. పోతన ఊరు బమ్మెర పక్కన ఉండి ఇట్లయితే ఎట్లా! “ప్రభువు కొకనాఁడు వేయేండ్ల పగిది గాన” అంటే సరిపోతుంది. పేతురు రెండో పత్రిక 3వ అధ్యాయాన్ని చక్కగా దించావు. కానీ అదే చోట, ప్రభువు తీర్పు దినం దొంగ వచ్చినట్టు వస్తుందని కూడా ఉంది. ఆ బెదురు పద్యంలో లేదు. గొడ్డలి కనపడకపోతే ‘నరుక వచ్చిన’ అన్న మాటకు పనేముంది?

కరీంనగర్ అక్క:

నలువది దినాల నీనెవె నాశ మనుచు
చాటె యోనా ప్రవక్త యా జనము లెల్ల
గోనె గట్టి యుపవసింపఁ గోప ముడిగి
నరుక వచ్చిన చెట్టుకే నాటె కంచె

పంతులు: గడువు, గొడ్డలి రెండూ వచ్చాయి. చెట్టు మాత్రం ఎక్కడి నుంచో ఊడిపడింది అక్కా. యోనా 4లో సొరచెట్టు ఉంది కదా. అది వాడిపోతే యోనా అలిగాడు. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేల మందికి పైగా ఉన్న ఊరి మీద నాకు జాలి ఉండొద్దా అన్నాడు దేవుడు. పశువుల్ని కూడా లెక్కలో వేశాడు!

కరీంనగర్ అక్క: అయితే ఇది చూడండి.

సొరకు వగచిన యోనాకుఁ జూపె దయను
పురమె చెట్టాయె, జనమెల్లఁ బొరలి యేడ్వ
గోనె గట్టిన వారిపైఁ గోప ముడిగి
నరుక వచ్చిన చెట్టుకే నాటె కంచె

నిర్వాహకుడు: ఈ వారం నా ఓటు దీనికే. ఒక్క మాట: ఆ నీనెవె మీదే తర్వాత నహూము ప్రవచించాడు, క్రీ.పూ. 612లో ఊరు కూలింది. ఆ ముగింపు వచ్చేటట్టు ఇదే పాదాన్ని ఎవరైనా పూరిస్తారా? ఆదివారం దాకా చూస్తాను.